విద్యార్థుల గ్రామసేవ: వ్రాసికొన్నది ఊరికి తిరిగి రావలదా?

దత్తమండలములకు సర్వే యను మాట క్రొత్తది కాదు. 1800 లో నైజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసినంతనే తామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వఱకు నిచ్చట నుండి, చేను చేనుకు గొలుసు పట్టించి కొలిపించెను. ఆయన న్యాయబుద్ధిని మెచ్చి రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిరని చెప్పుదురు. ఐనను కొలిచినది పన్ను కొఱకే. ఆ వెనుక కాలిన్ మెకంజీ దొర పంపిన మనుష్యులు వచ్చిరి. కరణముల యిండ్లలో నున్న దండకవిలెలను విప్పించి, ఊరి పుట్టుక, గుడి, కోట, చెఱువు, ఇనాములు, ఏలినవారి వంశములు మొదలగు వృత్తాంతములను కైఫీయత్తులను పేర వ్రాసికొనిపోయిరి. ఆ వ్రాత మదరాసు చేరినది. తరువాత జనసంఖ్య వ్రాయువారు వచ్చిరి. కఱవు వచ్చిన ప్రతిసారియు కఱవు లెక్క వ్రాయువారు వచ్చిరి. పశువులను, బోర్లను, మరుగుదొడ్లను లెక్కించువారు వచ్చిరి. అందఱును అడిగిరి, అందఱును వ్రాసికొనిరి, అందఱును పోయిరి. కావుననే కర్నూలు, కడప మెట్టగ్రామములలో ఎవడైన కాగితము, కలము పట్టుకొని అరుగు నెక్కగానే ముసలివారు మొదట వేయు ప్రశ్న యొక్కటే: “యిది రాసుకొనిపోయి ఏం జేస్తారు నాయనా?”

ఈ ప్రశ్న నిప్పుడు ఎదుర్కొనవలసిన వంతు కళాశాల విద్యార్థులకు వచ్చినది.

2020–21 విద్యాసంవత్సరము నుండి ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ చదువుల ప్రణాళికను మార్చి, ప్రతి విద్యార్థియు మొదటి యేటి చదువు ముగిసిన వేసవిలో 180 గంటలకు తక్కువ గాకుండ సామాజిక సేవా ప్రాజెక్టు చేసి తీరవలెనని విధించినది. ఇష్టమున్నవారు చేయుదురు, లేనివారు మానుదురు అను పద్ధతి కాదిది, చదువులో భాగము. దీనికి మార్కులు కలవు; ఇది లేనిదే పట్టము లేదు. 2006 లో వెలసిన కడప యోగి వేమన విశ్వవిద్యాలయమునకును, 2008 లో వెలసిన కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయమునకును చేరిన కళాశాలలయందు గూడ ఈ నియమమే చెల్లుచున్నది. (పుస్తకపు చదువును జీవితమంతయు వెక్కిరించిన యోగి పేరు ఒక విశ్వవిద్యాలయమునకు పెట్టినవారి సాహసమును మెచ్చవలసినదే.)

నియమము కాగితముమీద చక్కగనే యున్నది. విద్యార్థి తన నివాసమునకు దగ్గఱనున్న పల్లెనో పేటనో ఎన్నుకొనవలెను. ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగి రాగలిగినంత దూరమున నుండవలెను. మొదటి వారము ఊరి స్థితిగతుల సర్వే. రెండవ వారము ప్రజలకు తెలియజెప్పు ప్రచారము. పిమ్మట మూడు వారములు ఊరివారితో కలసి పని. కడపటి వారము నివేదిక. ఆ నివేదిక ప్రతి నొకదానిని స్థానిక పాలకులకు ఈయవలెననియు, మరుసటి యేడు ఆ యూరికి వచ్చు విద్యార్థులకు అదియే ఆధారము కావలెననియు గూడ మార్గదర్శక సూత్రములలో నున్నది. ఈ కడపటి వాక్యమును మా పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ఈ వ్యవస్థకంతకును ప్రాణమిచ్చు వాక్యమది. ఆచరణలో అన్నిటికంటె ముందు మఱచిపోబడుచున్న వాక్యమును అదియే.

చదువుకొను పిల్లవాడు పల్లెకు సేవ చేయవలె నను తలంపు నేటిది గాదు. సెలవులలో ఊళ్లకు పొండని గాంధీ మహాత్ముడు విద్యార్థులకు పలుమాఱులు చెప్పెను. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయములను, వయోజన విద్యను పట్టుకొని తిరిగిన తిరుగుడంతయు ఈ మార్గముననే. 1948–49 లో రాధాకృష్ణన్ గారి యధ్యక్షతన నేర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము దీనిని ప్రస్తావించినది. ఇరువది యేండ్లకు, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకము మొదలైనది. అమెరికాలో సేవ ద్వారా చదువు అను అర్థమునిచ్చు పేరొకటి 1967 ప్రాంతమున పుట్టి, పెద్ద శాస్త్రముగనే పెరిగినది. మెక్సికో దేశమున వైద్యవిద్యార్థులు 1936 నుండియు పల్లెలకు పోవుచున్నారు. అచ్చట ఏ విద్యార్థికైనను పట్టము చేతికి రావలెనన్న 480 గంటలకు తక్కువ గాని సంఘసేవ చేయవలెను. మన 180 గంటలు దానితో పోల్చిన పెద్ద బరువేమియు గాదు.

కాని గంటల లెక్క మాకు ముఖ్యము గాదు. ఆ గంటలలో ఊరికి ఏమి దక్కినదన్నదే ప్రశ్న.

ముందు కాలమును చూడుడు. కర్నూలు పడమటి భాగమున – కోసిగి, మంత్రాలయము, ఆలూరు, పత్తికొండ ప్రాంతములలో – వానకారు పంట ముగియగానే బీదకుటుంబములు సుగ్గికి పోవును. గుంటూరు సీమలో మిరపకాయ కోతకు, తెలంగాణమున పత్తి తీతకు, బెంగుళూరిలో కట్టడపు పనికి బిడ్డలతో సహా బయలుదేరుదురు. ఊళ్లలో తాళము వేసిన తలుపులు, వాని ముందు ముసలివారు, బడి మానిన పిల్లల పేర్లు హాజరు పట్టీలో – ఇవి మిగులును. కొందఱు ఉగాదికి తిరిగి వత్తురు. నగరములకు పోయినవారు వేసవి కడపటి వఱకును రారు. విద్యార్థి సర్వే చేయుట ఆ వేసవిలోనే. అతడు తలుపు తట్టినప్పుడు పలికిన యిల్లు లెక్కలోనికి వచ్చును. పలుకని యిల్లు రాదు. కూటికి లేక ఊరు విడిచినవాడు ఊరి బీదరికపు లెక్కలో నుండకపోవుట ఎంత వింత! ఈ తప్పు విద్యార్థిది గాదు. విద్యాసంవత్సరపు పంచాంగము వేఱు, మెట్టసేద్యపు పంచాంగము వేఱు. ఒకదానిని రెండవదానికి సరిపెట్టవలెనని కళాశాల యధికారులకు తోపలేదు.

ఇక ప్రశ్నపత్రము. కృష్ణాడెల్టాలోని ఊరికి, నల్లమల యంచుననున్న గూడెమునకు, జమ్మలమడుగు నల్లరేగడి పల్లెకు ఒకటే అచ్చు. ఇంటిలో ఎంతమంది, ఏమి చదివిరి, మరుగుదొడ్డి యున్నదా, వంటకు గ్యాసున్నదా – ఈ సమాచారమంతయు సచివాలయమున ముందే యున్నది. ఎన్ని బోర్లు వేసిరి, ఎన్ని ఎండినవి, ఎన్ని యడుగులకు నీరు పడినది, అప్పు ఎవరి వద్ద తెచ్చిరి, వడ్డీ నూటికి ఎంత – ఇవి అడుగువారు లేరు. సాలుకు 26 మొదలు 28 అంగుళముల వాన మాత్రమే పడు సీమలో, ఆ వానయు పదునుకు రాక విత్తనము మొలకకే పోవు సీమలో, మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న నీటిది గదా! మాకు చూపబడిన కొన్ని నివేదికలలో ఊరి పేరు మాత్రమే వేఱు. పట్టికలు, సూచనలు, కడపటి ధన్యవాదములు సైతము అక్షరము మారకుండ నొకటే. అవి ఏ కళాశాలవో చెప్పుట మా యుద్దేశము గాదు. పాత నివేదికను జిరాక్సు దుకాణమున నకలు తీసి, అట్ట మార్చి, మార్కులు పొందగలిగిన వ్యవస్థలో పిల్లవానిని మాత్రము దొంగయనుట న్యాయము గాదు.

ఆ మార్కులెట్లు పంచబడుచున్నవో చూచిన అసలు రహస్యము బోధపడును. దినచర్య పుస్తకమునకు 20, పని నెఱవేర్చుటకు 30, నివేదికకు 25, నివేదికను సభలో వివరించుటకు 25. మొత్తము నూరును అధ్యాపకుని చేతిలోనే యున్నవి. ఎవరి యింటికి పోయి, ఎవరి కాలము తీసికొని, ఎవరి కష్టసుఖములను వ్రాసికొని ఈ చదువు సాగినదో ఆ యూరివారికి ఒక్క మార్కునందును భాగము లేదు. దీనిని భాగస్వామ్యమని పిలుచుట తగునా? రైతు చేనిచ్చి, విత్తనమిచ్చి, కాపలా కాచి, కళ్ళమునాడు చేతులు ముడుచుకొని నిలువవలసిన పాలుబేరమిది.

ఇట్లు గాక వేఱు విధమున చేయుట సాధ్యమేయని చూపుటకు దూరము పోనక్కఱలేదు. వ్యవసాయ కళాశాలల విధానమును తీసికొందము. 1992 లో రాంధవా సంఘము సిఫారసు చేసిన పద్ధతి ననుసరించి బి.ఎస్సీ. వ్యవసాయ విద్యార్థులు కడపటి సంవత్సరమున పల్లెలో మకాముండి, ఒక్కొక్కరు ఒక్కొక్క రైతునకు జతపడి, ఆ రైతు చేసిన పనులన్నియు చూచుచు, చేయుచు, వ్రాసికొనుచు నేర్చుకొందురు. మన సీమలో మహానంది కళాశాల విద్యార్థులును ఇట్లే పోవుదురు. ఇందులో గొప్ప యేమన, విద్యార్థి వచ్చుట రైతు పనిలో నున్నప్పుడు. ఎప్పుడు గుంటక తోలుదురో, పురుగు ఏ వారమున కనబడునో, మందు దుకాణమువాడు చెప్పిన మాటకును పుస్తకములోని మాటకును ఎంత దూరమో చేనిలోనే తెలియును. ఆ కొన్ని నెలలు రైతే గురువు. శిష్యుడు తప్పు చెప్పిన చేనిలోనే నవ్వులపాలగును. అంతకంటె గట్టి పరీక్ష యే విశ్వవిద్యాలయమును పెట్టజాలదు.

నంద్యాల వ్యవసాయ పరిశోధనాస్థానము 1906 నాటిది. శనగపంట నల్లరేగళ్లలో ప్రబలిన పిమ్మట కోతకు కూలీలు దొరకుట దుర్లభమైనది. యంత్రముతో కోయుదమన్న, మొక్క పొట్టిది, కాయ నేలకు దగ్గఱగా కాచి కత్తికి అందదు. ఈ బాధను విని నంద్యాల శాస్త్రజ్ఞులు నిటారుగా పెరిగి ఎత్తున కాయకాచు ఎన్.బి.ఇ.జి. 47 అను రకమును తీసిరి. ఇక్కడ ప్రశ్న కళ్ళము నుండి పుట్టినది, సమాధానము పరిశోధనాస్థానము నుండి వచ్చినది. ప్రశ్న యెవరిది యనుటలోనే విశ్వవిద్యాలయ గ్రామసంబంధ మర్మమంతయు నున్నదని మా యభిప్రాయము.

వైద్యవిద్యలో నింకొక మార్పు వచ్చినది. ఇటీవలి సంవత్సరములలో జాతీయ వైద్య కమిషను విధించిన నియమము చొప్పున ప్రతి ఎం.బి.బి.ఎస్. విద్యార్థియు పల్లెలో కనీసము 3 కుటుంబములను చేపట్టి, చదువు సాగినన్ని యేండ్లు వారి యారోగ్యమును కనిపెట్టి చూడవలెను. 1956 లో స్థాపింపబడిన కర్నూలు వైద్యకళాశాలకును, కడప రిమ్స్‌కును ఇది వర్తించును. ఇది యెట్లు నడచుచున్నదో తేల్చుట కింకను కొంత కాలము పట్టును. ఐనను సూత్రము సరియైనది: అవే యిండ్లకు మరల మరల పోవుట. మొదటి యేడు రక్తహీనతయని వ్రాసిన విద్యార్థి రెండవ యేడు అదే యింటి గడపలో నిలిచినప్పుడు, తాను వ్రాసినదానివలన ఆ తల్లికి ఏమి జరిగినదో చూడక తప్పదు. డిగ్రీ విద్యార్థి ఆఱు వారములలో వచ్చిపోవును. వ్రాసినదాని ఫలము నెన్నడును చూడడు.

ఊరివారికి లెక్కలు తెలియవు, శాస్త్రము తెలియదు, కావున నివేదిక వారికి చదివి వినిపించిన ప్రయోజనమేమి యని యడుగు విద్వాంసులు కలరు. వారికి మేము భూగర్భజలముల సంగతి చెప్పుదుము. 2000 తరువాతి దశాబ్దమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఆనాటి ఆంధ్రప్రదేశమున ఏడు కఱవు జిల్లాలలో రైతుల చేతనే భూగర్భజలములను కొలిపించు ప్రయత్నమొకటి నడచినది. ఆ యేడింటిలో కర్నూలును కడపయు కలవు. వానకొలత పాత్రను పెట్టి చూచినది రైతులు. బోరులో నీటిమట్టమును తాడు దింపి కొలిచినది రైతులు. స్త్రీలు సైతము కొలిచిరి. సాలు వాన ఎంత, భూమిలోనికి దిగినది ఎంత, ఉన్న నీటికి ఏ పంట ఎన్ని యెకరములు పెట్టవచ్చునో ఊరందఱు కూడి నీటిపద్దు వేసికొనిరి. ఆ యంకెలను ఊరి గోడలమీదను బల్లలమీదను వ్రాసి యుంచిరి. ఎవరు వరి పెట్టవలెను, ఎవరు మానవలెనని శాసించినవారు లేరు. అంకె కండ్లయెదుట నుండుటచేత మార్చుకొన్నవారు మార్చుకొనిరి. వ్రాసినది ఊరిలోనే నిలిచినప్పుడు దానికి గల బలమట్టిది. అదే యంకె కళాశాల బీరువాలో నున్నచో చెదలకు తప్ప నింకెవ్వరికిని పనికిరాదు.

ఇట్టి సందర్భమున కడప పట్టణమువారికి మేము వేఱుగా చెప్పవలసినది లేదు. మెకంజీ మనుష్యులు వ్రాసికొనిపోయిన కైఫీయత్తులు రమారమి రెండువందల యేండ్లకు ఈ జిల్లాకు తిరిగివచ్చిన మార్గము వారి యూరనే యున్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పండితులను చేరదీసి తెనుగు తాళపత్రములను పరిష్కరింపజేసిన బంగళా శిథిలమై పోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇల్లిల్లు తిరిగి చందాలు ప్రోగుచేసి ఆ తావుననే బ్రౌను పేర గ్రంథాలయమును నిలిపిరి. 2006 లో అది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడినది. ఆ కేంద్రమే పిమ్మట కడప జిల్లా కైఫీయత్తులను సంపుటములుగా ప్రకటించినది. ఇక్కడ పురజనులు కట్టినదానిని విశ్వవిద్యాలయము పుచ్చుకొన్నది. పుచ్చుకొని, ఊళ్ల చరిత్రను ఊళ్లకు ముద్రించి యిచ్చినది. నేడు ఏ పల్లెటూరి యువకుడైనను తన యూరి కైఫీయత్తును తెఱచి, ఏ రాజు కాలమున తన చెఱువు తవ్వబడినదో చదువుకొనవచ్చును. రెండువందల యేండ్లు పట్టినదని నవ్వుకొనవలసినదే. మన విద్యార్థులు నేడు వ్రాయుచున్న నివేదికలకు నంతకాలము పట్టనక్కఱలేదు గదా.

పని విషయమున ఒకటి రెండు సూచనలు చేయుచున్నాము. రసాయనశాస్త్ర విద్యార్థి ప్రయోగశాలలో నీటి గట్టిదనమును కొలుచుట నెట్లును నేర్చును. ఆ కొలుచునది తన యూరి బోరునీరైన నేమి నష్టము? త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేఱు నీరు లేనిచోట 1.5 వఱకు ఓర్చుకొనవచ్చును. నైట్రేటు 45 దాటరాదు. ఇవి మన దేశపు ప్రమాణములు. మన సీమ బోర్లలో ఈ హద్దులు దాటినవి కలవు. బిడ్డల పండ్లపై పసుపుచారలను చూచి తల్లులు వేపపుల్లతో గట్టిగా తోమించుచున్నారు. కారణము నీటిలోనున్నదని చెప్పువారు లేరు. నీటి గుణము వేసవిలో నొకటి, వానల పిమ్మట నొకటి. కావున అదే బోరును సాలుకు రెండుమాఱులు చూడవలెను, మరుసటి యేడు వచ్చువారు మరల చూడవలెను. అయిదేండ్లు గడచునప్పటికి ఆ యూరికి తన నీటి చరిత్ర తనచేత నుండును. ఫలితమును రహస్యముగా నుంచక, ఏ బోరు త్రాగుటకు పనికివచ్చును, ఏది పశువులకు మాత్రమే, యని బోరుకడ్డికే రంగు పూసిన చదువురానివారికిని తెలియును.

వాణిజ్యశాస్త్రము చదువువారికి పత్తికొండ టమాటా సంత కంటె మంచి పాఠశాల యేది? కిలో రూపాయికి గూడ కొనువారు లేక రైతులు దారిప్రక్కన పారబోసిన దినములు కలవు. ఆ దినమున పట్టణమున చిల్లర ధర యెంత, మధ్య ఎన్ని చేతులు మారినది, తరుగు ఎంత, కమీషను ఎంత, బండి బాడుగ ఎంత – నెలదినములు తెల్లవాఱుజామున సంతలో నిలిచి వ్రాసికొన్న విద్యార్థికి లెక్కలశాస్త్రము జన్మలో మఱపునకు రాదు. ఆ పట్టిక సంత గోడకు అంటించినచో కొందఱు వ్యాపారులకు కోపము రావచ్చును. వచ్చినను మంచిదే.

ఇంతవఱకును కళాశాలల నంటిమి. ఈ పత్రికను చదువు భూస్వాములతో గూడ ఒక మాట చెప్పక విడువజాలము. ఊరికి వచ్చిన విద్యార్థి మొదట మీ యరుగుమీదనే కూర్చుండును. మజ్జిగ యిచ్చి ఆదరింతురు. అది మన సీమ మర్యాద. కాని అరుగుమీద వ్రాసిన లెక్క వేఱు, మాలమాదిగ వాడలలో వ్రాసిన లెక్క వేఱు. ముఖ్యముగా గుత్తకు, కౌలుకు చేయువారి సంగతి. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలురైతునకు పత్రము రావలెనన్న భూమి యజమాని సమ్మతి కావలెను. సమ్మతించిన భూమి పోవునేమో యను వట్టి భయముచే పెక్కురు సంతకము చేయరు. పత్రము లేదు గనుక బ్యాంకు అప్పు లేదు, పంట పోయిన పరిహారము చేనుదున్నినవానికి గాక పట్టాదారునకు పోవును. విద్యార్థి సర్వేలో ఈ చేను ఎవరు చేయుచున్నారు అను ప్రశ్న యుండవలెను. ఉన్నచో దానికి నిజమైన సమాధానము వ్రాయనీయవలెను. చదువుకొనుటకు వచ్చిన పిల్లవాని కలమును ఊరి పెద్దలే పట్టుకొన్నచో, ఇక సర్కారు కాగితములు అబద్ధములని వాపోవుటకు మనకు నోరు లేదు.

కళాశాలల పక్షమున చెప్పవలసిన మాటలును కలవు, వానిని దాచము. అధ్యాపకులు చాలరు, ఉన్నవారిలో పెక్కురు అతిథి యధ్యాపకులు, వేసవిలో వారికి జీతము నిలిచిపోవు చోట్లును కలవు. అట్టివారిని ఊరూర తిరిగి విద్యార్థులను కనిపెట్టుమనుట ఎట్లు? బస్సుచార్జీ యిచ్చువారు లేరు. బాలికలను పరాయి ఊరికి పంపుటకు తల్లిదండ్రులు సంశయింతురు. వీని యన్నిటికంటె బరువైనది మఱొకటి: ఈ విద్యార్థులలో అనేకులు తామే బీదవారు, తమ యింట మొట్టమొదట కళాశాల గడప త్రొక్కినవారు. వేసవిలో కూలికి పోయిన గాని వచ్చు సంవత్సరపు ఖర్చునకు గడవదు. సుగ్గికి పోయిన తల్లిదండ్రుల బిడ్డకు పల్లె స్థితిగతులపై సర్వే చేసి జ్ఞానము సంపాదింపుమని చెప్పుట హాస్యాస్పదముగా నుండదా? అట్టి బిడ్డకు ఆ స్థితిగతులు పుట్టుకతోనే తెలియును. అతనిని సమాచారము సేకరించువానిగా గాక, తెలిసినవానిగా చూచి, నీ యూరి కష్టమును నీవే వ్రాయుము, దానిని కొలుచు సాధనము మేము నేర్పుదుమని కళాశాల చెప్పవలెను. అది చదువు. ఉపాధిహామీ కూలికి సమానమైన భత్యమేదైన ఆ 180 గంటలకు ఈయగలిగినచో ఇంకను న్యాయము.

మార్కులలో 30 పని నెఱవేర్చుటకని యున్నవి గదా. అందు 10 ఊరివారి చేతి కీయుడు. గ్రామసభలో విద్యార్థి నిలిచి, తాను వ్రాసినదానిని తెలుగున, ఊరివారికి తెలియు మాటలలో చదువవలెను. “ఇది తప్పు, మా బోరు లెక్క యిది గాదు” అని యెవరైన లేచి చెప్పినచో అక్కడనే దిద్దవలెను. మహిళాసంఘమువారును, కౌలుదారులును, వాడలవారును ఆ సభలో నున్న గాని ఆ పది మార్కులు వేయరాదు. ఇది జరుగునా యని సందేహించువారికి ఒక యంకె: 2024 ఆగస్టు 23న ఈ రాష్ట్రమున 13,326 గ్రామపంచాయతీలలో ఒక్కనాడే గ్రామసభలు జరిగినవి. సభ కూర్చుట మనకు చేతగాని పని గాదు. ఒక్కొక్క కళాశాల పదిపదునైదు ఊళ్లను ఎన్నుకొని, అయిదేండ్లపాటు వానిని విడువక, ప్రతి యేడు క్రొత్త తరగతిని ముందటి తరగతి విడిచినచోటనే మొదలుపెట్టించిన చాలును. క్రొత్త యూరిని చూచితిమను గొప్ప కంటె పాత యూరికి మరల పోయితిమనుటయే గౌరవము.

ఇందునకు ప్రభుత్వపు టుత్తరువుల కొఱకు కాచుకొననక్కఱలేదు. ప్రతిని స్థానిక పాలకులకు ఈయవలె నను సూత్రము ముందే యున్నది. సర్పంచులును, పంచాయతీ సభ్యులును పోయిన మూడు నాలుగేండ్లలో తమ యూరికి ఏ కళాశాల విద్యార్థులు వచ్చిరో విచారించి, “మా యూరి నివేదికను మాకు పంపుడు” అని ప్రిన్సిపాలుగారికి ఒక్క జాబు వ్రాయవలెను. రాకున్న 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. ప్రభుత్వ కళాశాలయైనచో నామమాత్రపు రుసుముతో అర్జీ పెట్టుకొనవచ్చును, ముప్పది దినములలో జవాబు రావలెను. వచ్చిన నివేదికలో మీ యూరి పేరు తప్ప మీ యూరిది మఱేమియు లేనిచో, ఆ సంగతి మాకు వ్రాసి పంపుడు. కళాశాల పేరు విడిచి, నివేదికను మాత్రము ఈ పుటలోనే ప్రకటింతుము.